మిగులు గంట

వెండెల్ గారు నా వ్యాన్ ఎక్కగానే మొదట చూసింది కొండల్నీ కాదు, సముద్రాన్నీ కాదు, తన చేతి గడియారాన్ని. అప్పుడే నాకు చిర్రెత్తింది. భార్య ఆర్డిస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె బెల్టు తనే పెట్టి, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. ఇద్దరికీ డెబ్బై అయిదు దాటే ఉంటాయి. నెబ్రాస్కా నుంచి వచ్చారట. ఆ రోజు నా బండికి వాళ్ళిద్దరే దొరికారు.

"మిస్ ఇగ్నేషియా, నాలుగున్నరకల్లా మేం ఓడలో ఉండాలి" అన్నాడాయన.

"ఉంటారు సార్. ఓడ ఎక్కడికి పోతుంది మిమ్మల్ని వదిలి?"

"దగ్గర్లో ఏదైనా చూపిస్తే చాలు. ఆర్డిస్ తొందరగా అలిసిపోతుంది."

"ఇంత దూరం వచ్చి మా పీటన్ కొండలు చూడకపోవడమంటే, పెళ్ళికెళ్ళి పెళ్ళికూతుర్ని చూడకుండా రావడమే. ఏమంటావు డార్లింగ్?"

"పెళ్ళా? ఎవరిది?" అని ఆర్డిస్ ముచ్చటగా నవ్వింది. ఆమె సరసం నాకు నచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆయన కంగారు ఏమిటో నేను అడగలేదు. అడిగుంటే చెప్పేవాడే. ఆర్డిస్‌కి మతిమరుపు జబ్బు. పగలంతా బాగానే ఉంటుంది, పొద్దు వాలితే భయం పట్టుకుంటుంది, కట్టుకున్న మొగుడు కూడా పరాయివాడైపోతాడు. పది రోజులుగా ఉంటున్న ఓడలోని గది ఒక్కటే ఆమెకు అలవాటైన చోటు. చీకటి పడకముందే ఆమెను ఆ గదికి చేర్చాలి, ఆయనకు కావలసింది అంతే. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పొద్దున నా కళ్ళకు ఆయన, పెళ్ళాం సరదాకి అడ్డుపడే పిసినారి ముసలాడు.

మా కాస్ట్రీస్ రేవులో ఒక పద్ధతుంది. ఓడవాళ్ళు తామే టికెట్లు అమ్మి పంపే బస్సు ఆలస్యమైతే ఓడ దాని కోసం ఆగుతుంది. గేటు బయట అట్టముక్క పట్టుకుని నిలబడి పిలిచే మాలాంటివాళ్ళ బండి ఎక్కినవాళ్ళ కోసం నిమిషం కూడా ఆగదు. అందుకే మా డ్రైవర్ల సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. నీ బండిలో వెళ్ళినవాళ్ళకి ఓడ తప్పితే నీ మెడలో ఉండే సంఘం బిళ్ళ తీసేస్తారు, ఇక గేటు దగ్గర నిలబడటానికి వీల్లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ బిళ్ళ నా మెడలో ఉంది.

ఉండటమే కాదు, దాంతో నాకు పొగరు కూడా వచ్చింది. ఫ్లోరిడా నుంచి వచ్చే ఆ ఓడ తన ఊరి గడియారాన్నే వెంట తెచ్చుకుంటుంది. శీతాకాలమంతా అది మా దీవి కంటే ఒక గంట వెనక నడుస్తుంది. వాళ్ళు నాలుగున్నర అంటే మాకు అయిదున్నర. ఆ మిగులు గంట పట్టుకునే నేను పీటన్ కొండల పక్కనున్న సూఫ్రియేర్ దాకా తీసుకెళ్ళి, వేడి బురదగుంటలూ జలపాతమూ అన్నీ చూపించి తెస్తాను. మిగతావాళ్ళు భయపడి ఊరి చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టించి దింపేస్తారు. వాళ్ళని చూసి నేను నవ్వుతుంటాను.

దారిలో కానరీస్ అనే పల్లెలో ఆపి వేడివేడి కర్రపెండలం రొట్టె కొనిచ్చాను. ఆర్డిస్ వేళ్ళు నాకుతూ తింది. "మనం ఎక్కడున్నాం?" అని మొగుడిని అడిగింది. "సెయింట్ లూసియాలో" అన్నాడు. ఐదు నిమిషాలకి మళ్ళీ అదే అడిగింది. ఆయన మళ్ళీ అంతే మెత్తగా చెప్పాడు. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు కాబోలు అనుకున్నాను.

బురదగుంటల దగ్గర ఆమె కనిపించకుండా పోయింది. ఆయన టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చేలోగా మాయమైంది. ఇరవై నిమిషాలు ఇద్దరం కాలు కాలిన పిల్లుల్లా తిరిగాం. చివరికి ఎవరిదో బస్సులో, కిటికీ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని కనిపించింది. వెండెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనేమో, "మీ గడియారం బాధ పడలేక పారిపోయుంటుంది సార్" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుళ్ళబొడుస్తుంది.

అప్పటికి రెండున్నర అయింది. "ఇక వెళ్ళిపోదాం" అన్నాడు. అది మూడోసారి.

"జలపాతం చూడకుండానా? బోలెడు టైముంది."

"చూడండి, నా గడియారమూ మీ బండిలో గడియారమూ ఒకటే చూపిస్తున్నాయి. గంట తేడా ఉందని దారిలో అన్నారు కదా మీరు?"

"మీరు మీదాన్ని ముందుకి తిప్పుకున్నారా లేదా?"

"తిప్పాను. నిన్న ఓడలో అందరినీ గంట ముందుకి తిప్పుకోమన్నారు."

"అదీ సంగతి! మీరు మా దీవి టైముకి వచ్చేశారు. ఓడ మాత్రం వెనకే ఉంది. పంతొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నా సార్, నాకు తెలీదా?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "నేనే పొరబడ్డానేమో. ఈ మధ్య రాత్రుళ్ళు నిద్ర ఉండట్లేదు."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. జలపాతం చూపించాను. అక్కడ నాలుగోసారి అడిగితే జవాబు కూడా చెప్పలేదు, చిలిపిగా ఆర్డిస్ వైపు చూసి కన్ను గీటాను.

తిరుగుదారిలో కానరీస్ దాటుతుండగా ఫోన్ మోగింది. మా సంఘం కార్యదర్శి హిలేరియన్.

"ఇగ్గీ, ఎక్కడ చచ్చావే?"

"కానరీస్‌లో. ఏం, నేను లేకపోతే తోచట్లేదా?"

"కానరీసా? నాలుగైంది!"

"అయితే ఏంటంట? గంటన్నర ఉంది."

"నిన్న ఆదివారం అమెరికాలో గడియారాలు ముందుకి జరిపేశారే తల్లీ. ఓడకీ మనకీ ఇప్పుడు ఒకటే టైము. ఏటా మార్చిలో జరిగేదేగా! శుక్రవారమే కాగితం రాసి గేటు దగ్గర బోర్డుకి అంటించాను. నువ్వు చూళ్ళేదా?"

చూశాను. దానికి వీపు ఆనించి నిలబడి కోకో టీ తాగాను. బోర్డు చదవడం కొత్తగా చేరినవాళ్ళ పని అని నా ఉద్దేశం; ఏ రోజు మారుతుందో ఏటా ఎవరో ఒకరు నోటితో చెప్పేవారు.

అక్కడి నుంచి రేవుకి ఎంత తోలినా యాభై నిమిషాలు. "ఓడవాళ్ళకి చెప్పు, వస్తున్నామని చెప్పు" అని అరిచాను. "చెప్పాను. మీ బండితో మాకు సంబంధం లేదన్నారు" అన్నాడు.

అద్దంలో వెండెల్ కళ్ళు నన్నే చూస్తున్నాయి. మాటలన్నీ విన్నాడు. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆర్డిస్ జబ్బు గురించి అప్పుడు చెప్పాడు, నాలుగే నాలుగు ముక్కల్లో, ఆమెకు వినపడకుండా. "సూర్యుడు ఎన్నింటికి దిగుతాడిక్కడ?" అని అడిగాడు.

"ఆరుంబావుకి."

ఆ దారి గురించి చెప్పడానికి ఏమీ లేదు, మలుపులు తప్ప. ఒక మలుపు తిరిగితే ఇంకొకటి. ఆన్స్ లా రే దగ్గర అరటిగెలల లారీవాడు ముందు పడి, పక్కకి తప్పుకోడు. హారన్ కొట్టాను, తిట్టాను, మరియమ్మ తల్లికి మొక్కుకున్నాను, మళ్ళీ తిట్టాను. చెమటకి స్టీరింగు జారుతోంది. వెనక ఆర్డిస్ మాత్రం "ఎంత బాగుంది, ఎంత బాగుంది" అంటూ కిటికీలోంచి చూస్తోంది. మోర్న్ కొండ మీదికి వచ్చేసరికి రేవు మొత్తం కనిపించింది. ఓడ గట్టుకే ఉంది. దిగువకి వచ్చి గేటు ముందు బ్రేకు వేసేసరికి, ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి. ముందు గజం, తర్వాత పది గజాలు.

హిలేరియన్ పరిగెత్తుకొచ్చాడు. అతని వెంట ఓడ కంపెనీ మనిషి ఒకతను ఉన్నాడు. వెండెల్ దంపతుల గదిలోంచి తీసిన పాస్‌పోర్టులు రెండు, మందుల సంచి ఒకటి అతని చేతిలో ఉన్నాయి. రేపు పొద్దున విమానంలో తర్వాతి రేవుకి పంపిస్తామని, ఈ రాత్రికి హోటల్ చూశామని చెప్పాడు.

హిలేరియన్ నన్ను తప్పించుకుని నేరుగా వెండెల్ దగ్గరికి వెళ్ళాడు. మంచివాడే పాపం, నాకు మేలు చేద్దామనుకున్నాడు. బురదగుంటల దగ్గర జరిగింది వేరే డ్రైవర్లు అతనికి అప్పటికే చెప్పారట. "దారిలో మీ ఆవిడ తప్పిపోయారటగా సార్? వెతకడంలో ఆలస్యమైందని మా సంఘం కాగితంలో రాస్తాను. కింద సంతకం చెయ్యండి, చాలు."

"నిజమే" అన్నాడు వెండెల్. "ఇరవై నిమిషాలు మా వల్లే పోయాయి. ఆమె సంగతి ముందే చెప్పాల్సింది. తప్పు నాది." కాగితం తీసుకున్నాడు.

ఉన్న మాట చెప్పుకోవాలి. నేను వెంటనే ఆపలేదు. ఆయన పేరులో మొదటి అక్షరం రాసేదాకా చూస్తూ నిలబడ్డాను. గేటు, బోర్డు, పంతొమ్మిదేళ్ళు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. రెండో అక్షరానికి చెయ్యి చాచి కలం లాక్కున్నాను.

"ఆవిడ వల్ల కాదు" అన్నాను. "ఆ ఇరవై నిమిషాలు పోకపోయినా నేను జలపాతం దగ్గరే ఉండేదాన్ని. గంట తేడా పోయిన సంగతి నాకు తెలీదు. ఈయన చెప్తూనే ఉన్నారు. నేనే వినలేదు."

"ఇగ్గీ, నోర్ముయ్" అన్నాడు హిలేరియన్ గొంతు తగ్గించి.

బిళ్ళ మెడలోంచి తీసి అతని చేతిలో పెట్టాను. వెండెల్ నా వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి ఆయన నన్ను మీరు అంటూనే ఉన్నాడు.

"నాలుగుసార్లు చెప్పాను నీకు" అన్నాడు. "నాలుగుసార్లు. నువ్వు నాకే మతి పోయిందనుకునేలా చేశావు."

చేతిలోనే ఉండిపోయిన కలం హిలేరియన్‌కి ఇచ్చేశాను.

అంతలో బండిలోంచి కేక వినిపించింది. హోటల్‌కి తీసుకెళ్ళడానికి ఓడ కంపెనీ మనిషి తలుపు తీశాడు, ఆర్డిస్ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని వదలట్లేదు. ఎండ పచ్చబడింది. వెండెల్ పరుగున వెళ్ళి "ఆర్డిస్, నేనే" అన్నాడు. ఆమె ఆయన చేతిని తోసేసింది. "ఎవరు మీరు? నన్ను ముట్టుకోవద్దు! నేను దిగను!" ఎంత బతిమాలినా దిగలేదు. ఈ ఊళ్ళో ఆమెకు తెలిసిన చోటు ఆ సీటు ఒక్కటే. ఆయన మెల్లగా ఎక్కి, మధ్యలో ఒక సీటు వదిలి అవతల కూర్చున్నాడు.

"బండి తియ్యి" అన్నాడు నాతో.

తీశాను. చక్రాలు కదలగానే ఆమె అరుపు ఆగింది. విజీ రోడ్డు మీద సముద్రం పక్కగా పోనిచ్చాను, విమానాల మైదానం, శ్మశానం, చివర తిప్పుకుని మళ్ళీ రేవు గేటు. అక్కడ మావాళ్ళు వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందునుంచే మలుపు తీసుకుని మళ్ళీ విజీ రోడ్డు. మూడో చుట్టుకి ఆర్డిస్ వేళ్ళు సీటు వదిలాయి. పక్కన ఉన్న పెద్దమనిషిని మర్యాదగా అడిగింది:

"మీరు కూడా ఇంటికేనా అండీ?"

"అవునండీ" అన్నాడు వెండెల్. "నేనూ ఇంటికే."

రోడ్డు కూడలిలో బళ్ళు ఆగిపోయాయి. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. ఆర్డిస్ వెంటనే తలెత్తి చుట్టూ చూడసాగింది, ఊపిరి వేగం పెరిగింది. వెండెల్ నా వైపు చూడకుండానే అన్నాడు:

"ఆపకు."

పేవ్‌మెంట్ అంచు మీదికి ఒక చక్రం ఎక్కించి, పక్కనుంచి పోనిచ్చాను.