అరవై మూడు ఓట్ల తేడా

ఫలితం చెప్పగానే దకియో రేడియో కట్టేశాడు. పసిఫిక్ దీవి పోన్‌పే గవర్నరు పదవికి జరిగిన రెండో విడత పోటీలో అతను అరవై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచింది వెల్బెర్ట్, దకియో భార్య మెర్లీనాకు సొంత అన్న.

దకియో మనసు కాలింది ఓటమికి కాదు. కిందటేడు పడవ ఇంజను చెడి తను రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోతే, వెతికి పట్టుకున్నది వెల్బెర్టే. ఆ రోజు బావమరిది పడవలో దకియో పసిపిల్లాడిలా ఏడ్చాడు. ప్రచారంలో ఆ సంగతి రేడియోకెక్కింది. "సముద్రంలో ఏడ్చినవాడు రాష్ట్రాన్ని నడుపుతాడా?" అన్నాడు వెల్బెర్ట్. అప్పటినుంచి మెర్లీనా పుట్టింటి గడప తొక్కలేదు.

గంట తిరక్కుండా వాకిట్లో ట్రక్కు ఆగింది. మెర్లీనా కిటికీలోంచి చూసింది. అన్న భుజం మీద వేళ్లతో సహా పెకలించిన సకావు మొక్క, మత్తు రసమిచ్చేది, ఉంది. క్షమాపణకు వచ్చాడు! ఆ మొక్కతో ఎదురుపడిన మనిషిని కాదనడానికి దీవి ఆచారం ఒప్పదు. ఆ వేళ్ల రసం తాగాక పాత మాట ఎవరూ ఎత్తకూడదు.

అది తెలిసే దకియో వెనక తలుపు దాటాడు. "ఇంట్లో లేనని చెప్పు!"

"బావ ఉన్నాడా చెల్లీ?" వెల్బెర్ట్ చెమటలు కక్కుతున్నాడు.

లేడంటే వెళ్లిపోతాడు. మళ్లీ రమ్మనే మొహం ఆమెకుండదు. ఉన్నాడంటే భర్తను పట్టిచ్చినట్టే.

"చేమ మడిలో దాక్కున్నారు, అన్నయ్యా."

కాబోయే గవర్నరు మోకాలి లోతు బురదలో దిగాడు. మెర్లీనా గట్టు మీదే ఆగిపోయింది.

"గెలిచావుగా, ఇంకేం కావాలి?" అన్నాడు దకియో.

"నన్ను నమ్మి ఏడ్చావు బావా. నేను దాన్ని ఓట్లకు అమ్ముకున్నాను."

 దకియో చెయ్యి చాచి మొక్క వేళ్లు తడిమాడు. "ఇంత పిల్ల మొక్కా? నువ్వన్న మాటకు ఇలాంటివి నాలుగు కావాలి."

"ట్రక్కులో ఇంకోటుంది."

"అయితే మోసుకురా. గవర్నరువి కాగానే నడుం వంగదా?"

మెర్లీనా అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం రాతిబండ మీద సకావు వేళ్లు నలిగాయి. దకియో మొదటి కొబ్బరిచిప్పెడు రసం గటగటా తాగేసి భార్య వైపు గుర్రుగా చూశాడు. "నన్ను పట్టిచ్చింది నువ్వే కదూ?"

"చిప్ప ఖాళీ చేశారు. ఇక పాత మాట ఎత్తకూడదు," అంది మెర్లీనా, అన్న పక్కన చతికిలబడుతూ.