డ్రెయిను మీద చేప బొమ్మ

రావులపాలెం రోడ్డు పక్కనున్న ఆ కాలనీకి సత్యదుర్గారావు గారు సంఘాధ్యక్షుడు. కొబ్బరికాయల వ్యాపారంలో నలుగురినీ కేకలేసి పని చేయించుకున్న మనిషి కనుక, ఆ పదవికి ఇంకెవరూ ముందుకు రాలేదు కనుక, ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. వీధి పక్కన వాననీళ్లు పోయే డ్రెయిను ఎక్కడా శుభ్రపడకుండా నేరుగా పంట కాలువలో కలుస్తుందని ఆయనకి ఈమధ్యే తెలిసింది. పుట్టి పెరిగిన ఊరే అయినా, ఆ సంగతి తానే కనిపెట్టినంత ఉత్సాహం వచ్చింది.

"ప్రతి డ్రెయిను మూత మీదా చేప బొమ్మ వేయిద్దాం. ఇక్కడ పోసిందల్లా కాలువలోకే పోతుందని రాయిద్దాం. చూసినవాడికి సిగ్గేస్తుంది" అన్నారు.

"ఆయ్, బాగుందండి" అన్నాడు కార్యదర్శి నాగసతీష్. అధ్యక్షుడు ఏమన్నా అతనికి బాగానే ఉంటుంది.

ఆదివారం షామియానా వేశారు. నీలం రంగు డబ్బాలొచ్చాయి. అధ్యక్షుల వారు మొదటి చేప స్వయంగా వేశారు.

"వంకాయలా ఉందండీ" అంది ఆయన భార్య కనకదుర్గ.

"దూరం నుంచి చూడాలి" అన్నారాయన.

తర్వాత నీటి కాలుష్యం మీద చాలాసేపు మాట్లాడారు. డ్రెయిన్లో ఒక్క చుక్క మురికి పోసినా నేరమేనని బల్ల గుద్దారు. చప్పట్లు మోగాయి. అందరూ పెసరట్టు ఉప్మా తిన్నారు.

నాగసతీష్ థిన్నరుతో బ్రష్షులు కడిగి, "ఇది ఎక్కడ పొయ్యమంటారండీ?" అని అడిగాడు. ఆయన ఆ సమయంలో విలేకరికి తన ఇంటిపేరు అక్షరం అక్షరం చెబుతున్నారు. అటు చూడకుండానే చెయ్యి విసిరారు. చెయ్యి డ్రెయిను వైపు చూపించింది. మిగిలిన రంగు, థిన్నరు, అన్నీ కొత్త చేప పక్కనుంచే లోపలికి జారిపోయాయి.

మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వీధిలో గోల వినిపించింది. కాలువ గట్టున బాతులు పెంచుకునే బుచ్చమ్మ గంపలతో వచ్చి నిలబడింది. గంపల నిండా నీలం బాతులు.

"పెసిడెంటుగారండీ, పొద్దున్న తెల్లగా దింపేనండి. ఇప్పుడు రెక్కలు అంటుకుపోయేయండి. కళ్లు తెరవలేకపోతున్నాయండి బాబూ!"

"పై కాలనీవాళ్ల పనే అది! మేం ఇవాళే అవగాహన సదస్సు పెట్టేం" అన్నారాయన వెంటనే.

కనకదుర్గ ఒక బాతునెత్తి ఆయన చొక్కా మీది రంగు మరక పక్కన పెట్టింది.

"అదే రంగండీ" అంది.

నాగసతీష్ నేల చూపులు చూశాడు. నెపం అతని మీద వెయ్యడానికి ఆయన నోరు తెరిచారు కూడా. ఇంతలో ఆ బాతు అతికిన రెప్పను విడదీసుకోవాలని తల ఆయన చేతికే రుద్దింది. ఆయన దాని రెప్పని వేలితో తుడిచి చూశారు.

"పొయ్యమని చెయ్యి చూపించింది నేనేనమ్మా" అన్నారు మెల్లగా.

కనకదుర్గ కొబ్బరినూనె డబ్బా, పాత గుడ్డలు తెచ్చింది. కాలనీ పెద్దలంతా ఒళ్లో తలో బాతు పెట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. నాగసతీష్‌ని ఒకటి గట్టిగా పొడిచింది. అది కూడా బాగుందనబోయి ఆగాడు. నూనె రాసి, తుడిచి, గోరువెచ్చటి నీళ్లతో కడిగేసరికి సాయంత్రమైంది. బుచ్చమ్మ ఒక్కో బాతునూ తిప్పి చూసుకుంది.

"పర్లేదండి. ఇయ్యాళ కాలవలో దింపను" అని వెళ్లిపోయింది.

నీలం నీళ్ల బకెట్టు మిగిలింది. అధ్యక్షుల వారు దాన్నెత్తి రెండడుగులు వేసి ఆగిపోయారు. దీన్ని ఎక్కడ పొయ్యాలి? అంతసేపు ప్రసంగంలో ఆ ముక్క లేదు.

"పెరట్లో?" అన్నాడు నాగసతీష్.

"అక్కడ బోరుందయ్యా."

ఏదో పారిశుద్ధ్య హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, "దానికేముందండీ, డ్రెయిన్లో పోసెయ్యండి" అంది.

ఆయన ఫోన్ పెట్టేసి బకెట్టుకి మూత బిగించారు. పాడైన రంగులు తీసుకునేవాళ్లు ఎక్కడున్నారో మర్నాటి నుంచి నలుగురినీ అడగడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఎవరూ దొరకలేదు. బకెట్టు ఆయన వరండాలోనే ఉంది. అదేమిటని ఎవరైనా అడిగితే ఆయన ప్రసంగం చెయ్యరు. "మాదేనండి" అంటారు.