దోమతెరలో ఆరిన రీలు

బోబో పట్నానికి వచ్చిన మూడో వారం, రైల్వే స్టేషను వెనక వీధిలో, ఒక వాకిట్లో దోమతెర కట్టి ఉండటం చూశాను. లోపల మనిషి లేడు. నాలుగు ఫిల్ము రీళ్లు క్లిప్పులకు వేలాడుతూ ఆరుతున్నాయి. ఎడారి గాలికి దుమ్ము పడకుండా కట్టారు. పని తెలిసినవాళ్లు చేసే పని అది. ఆగాను.

మా ఊరు బొల్గా సంతలో ముప్పై ఏళ్లు ఫోటోలు తీసి బతికాను. ఊళ్లో అందరి ముఖాలూ తీశాను, నా భార్య తలాతాది తప్ప. కూర్చోమంటే "డబ్బులిచ్చేవాళ్లని తీసుకో పో" అనేది. చివరి ఏడాది ఒక పొద్దున వేరుశనక్కాయలు ఒలుస్తూ తనే "సరే, తియ్యి" అంది. రీలంతా ఆమెనే తీశాను. దాన్ని కడిగించేలోగా తను పోయింది. బొల్గాలో ఫిల్ము కడిగే చోటు అంతకు ముందే మూతపడింది.

తర్వాత కూతురు ఆసిబి నన్ను సరిహద్దు దాటించి ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ ఫ్రెంచి మాట్లాడతారు. నాకు రాదు. రెండు నెలల్లో బొల్గాలో తలాతా పెద్దకర్మ; మాలో అది ఏడాది దాటాకే చేస్తారు. అమ్మ ఫోటో లేకుండా చెయ్యడానికి వీల్లేదని ఆసిబి పట్టు. ఉన్నదల్లా కడగని ఆ ఒక్క రీలు.

వాకిట్లో ఆరేడుగురు మెడల్లో కెమెరాలతో కూర్చుని సొరబుర్రల్లో దోలో, అంటే జొన్నకల్లు, తాగుతున్నారు. ఇంటామె, మాదాం మిల్లోగో, ఫ్రెంచిలో ఏదో అడిగింది. తెల్లమొహం వేశాను. పక్కనున్న లావుపాటి మనిషి మోరేలో అందుకున్నాడు. ఆ భాష నాకూ వచ్చు.

"ఏ ఊరు?"

"బొల్గా."

"ఫ్రాఫ్రా తెగవాడివా?"

"అవును."

అతను సొరబుర్ర కింద పెట్టి, నాకు తెలిసేలా మోరేలోనే అన్నాడు. "మాదాం, ముందు మీ కుక్కని లోపల కట్టెయ్యండి. దాని తలకాయ మీద కన్నేసి మా బావ వచ్చాడు."

అతను దగారా తెగవాడు. పేరు సొమ్దా, మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. దగారాలకూ మా ఫ్రాఫ్రాలకూ తాతల నాటి నుంచి బావామరుదుల వరస. ఎంతైనా తిట్టుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. వండిన కుక్క తలకాయ ఎవరికి దక్కాలన్నది మా మధ్య పాత తగువు. తలాతా పోయి పద్నాలుగు నెలలు. అందరూ జాలిపడ్డవాళ్లే. జాలి నాకు పడదు. నన్ను తిట్టిన మొదటివాడు ఇతనే.

"తలకాయ నీకే ఉంచుతాలే. నీకు లేనిది అదేగా" అన్నాను.

పక్కకు జరిగి చోటిచ్చాడు.

ప్రతి శనివారం పొద్దున అందరూ కలిసి ఒక వీధి పట్టుకుని ఫోటోలు తీస్తారు. మధ్యాహ్నం మాదాం మిల్లోగో చీకటి గదిలో కడుగుతుంది. కుళాయి నీళ్లు వేడిగా వస్తాయని ఫిల్ము కడిగే మందును కుండ నీళ్లతో కలుపుతుంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. తలాతా రీలు ఊరికే ఇస్తానా? ముందు ఒక కొత్త రీలు తీసి ఇద్దాం, వీళ్ల పనితనం చూద్దాం అనుకున్నాను.

మరుసటి శనివారం స్టేషను ముందు సంచిలోంచి రీలు తీసి కెమెరాలో వేశాను. సంచిలో ఉన్నవి రెండు. రెండింటికీ నాలుక, అంటే ఫిల్ము కొస, బయటికే ఉంది. అది నా పద్ధతి.

సొమ్దా చూశాడు. "తీసేసిన రీలుకి గుర్తుగా నాలుక మడిచి పెట్టుకోవా బావా?"

"మడతలు మతిమరుపు మనుషులకి."

రైలు పట్టాలు తీశాను. స్టేషను గోపురాలు తీశాను. మామిడిపళ్లు అమ్మే ఆడవాళ్లను, వీధిలో మోటారు సైకిళ్లను తీశాను. నా కెమెరాలో చూసే కిటికీ వేరు, కటకం వేరు. మూత పెట్టి ఉన్నా కిటికీలోంచి లోకం కనిపిస్తూనే ఉంటుంది. కటకానికి మూత పెట్టి నీడలో కాసేపు కూర్చుని, మళ్లీ లేచి ఒకటి నొక్కాను. సొమ్దా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బావా, కెమెరా నిద్రపోతోంది. మూత తియ్యి. మీ ఊళ్లో అందరి ఫోటోలూ ఇట్లాగే తీశావా?"

"నీ మొహం ఎదురుగా ఉందని నేనే మూశా" అన్నాను. కానీ సిగ్గేసింది.

మధ్యాహ్నం మాదాం మిల్లోగో రీలు తెచ్చి దోమతెరలో వేలాడదీసింది. ఒకసారి చూసింది. మళ్లీ చూసి మిగతావాళ్లను పిలిచింది. నేను తల లోపల పెట్టాను. ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి నెగెటివ్ చాలు. స్టేషను గోపురం మీద తలాతా తలగుడ్డ. పట్టాల మీద ఆమె చేతులు. మామిడిపళ్ల బుట్టలో వేరుశనక్కాయలు. తీసిన రీలు మీదే మళ్లీ తీశాను.

ఒకరి తప్పు నేను ఎన్నడూ క్షమించినవాణ్ణి కాదు. ఇప్పుడు తప్పు నాది. నాకు క్షమాపణ ఎక్కణ్ణుంచి వస్తుంది? సంచి భుజాన వేసుకున్నాను.

"చాలా బాగున్నాయంటున్నారు, ఎట్లా తీశావని అడుగుతున్నారు" అన్నాడు సొమ్దా.

"నా పెళ్లాం మీదికి రైలు తోలాను. ఆవిడ పోయింది. వేరే ఫోటో లేదు."

సొమ్దా నవ్వలేదు. ఆ మనిషికి నవ్వకుండా ఉండటం కూడా వచ్చునని అప్పుడే తెలిసింది. దోమతెరలో దూరి రీలు పొడుగునా వేలితో వెతికాడు.

"మూత తియ్యకుండా నొక్కావే, అది ఎన్నోది?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పవయ్యా."

"పదకొండోది."

పదకొండో దానిలో తలాతా ఒక్కతే ఉంది. మూత ఉండబట్టి ఆమె మీద గోపురం పడలేదు, పట్టాలు పడలేదు. ఒలిచిన కాయ చేతిలో పట్టుకుని, నన్ను ఏదో అనబోతూ నోరు తెరిచింది. పక్క ఫోటోలోంచి ఒక మోటారు సైకిలు చక్రం సగం మాత్రం అంచులోకి జరిగివచ్చింది.

మాదాం మిల్లోగో వెంటనే పెద్ద సైజులో అచ్చు వేసింది. ఇంకా తడి ఆరలేదు. నేను చెయ్యి చాపేలోగా సొమ్దా లాక్కున్నాడు. మాలో కర్మప్పుడు పోయినవాళ్ల వస్తువు ఎత్తుకుపోయే హక్కు ఈ బావామరుదుల వరసవాళ్లకు ఉంది. కాదనలేను.

"ఇది నేనే బొల్గా తెస్తా. కుక్క తలకాయ వండి పెడితేనే ఇచ్చేది."

"పెట్టకపోతే?"

"ఈ చక్రం చూపించి, మా అక్క నా బండెక్కి బోబో అంతా తిరిగిందని మీ ఊళ్లో చెప్తా."

"అది నడిచే బండి అయితేగా, నమ్మటానికి" అన్నాను.

మాదాం మిల్లోగోకు ఎవరో ఫ్రెంచిలో చెప్పినట్టున్నారు, ఆమె కూడా నవ్వింది. మరుసటి శనివారం సంచిలో మిగిలిన కొత్త రీలుతో ఫోటోలు తీశాను. తీసిన వెంటనే నాలుక మడిచాను. సొమ్దా చూస్తూనే ఉన్నాడు.