దీవి కుందేలుకు ధర్మవరం రంగు

జపాను దేశంలో రెండు దీవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా దొరకని నల్ల అడవి కుందేలు, పెనుకొండలో ఫకీర్ సాబ్ పెరట్లో కూర్చుని గోంగూర తిన్నది. నమ్మనివాళ్లు నమ్మకపోండి, గోంగూరకు నష్టం లేదు.

ఫకీర్ సాబ్ హిందూపురం సంతలో పెంపుడు కుందేళ్లు అమ్మేవాడు. తొంభై ఏడులో పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి వచ్చిన జపాను ఆయన వాటిని చూసి, తమ దీవుల నల్ల కుందేలు సంగతి దుబాసీతో చెప్పించాడు. తల్లి పిల్లలను బొరియలో పెట్టి, మట్టితో వాకిలి మూసి పోతుందట. పాలివ్వడానికి వచ్చి తవ్వి, మళ్లీ మూస్తుందట. పెనుకొండ టీ అంగట్లో ఈ మాట చెబితే అందరూ నవ్వారు. ఫకీర్ సాబ్‌కు రోషం వచ్చింది. ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసే స్నేహితుడు గంగాధరప్ప దగ్గర చల్లారిన నల్లరంగు తెచ్చి, తన తెల్ల కుందేలును ముంచి తీశాడు. అదండీ దీవి కుందేలు! ఊరంతా వచ్చి చూసిపోయింది.

నెల దాటాక అటవీశాఖ గార్డు నాగరాజు జీపులో దిగాడు. విదేశపు అడవి జంతువును దాచావు, జైలే అన్నాడు.

 అది ఉత్త రంగేనని ఫకీర్ సాబ్ మొత్తుకున్నాడు. టీ అంగడివాళ్లేమో, కాదు సార్, దీవిదే, ఈయనే చెప్పినాడని సాక్ష్యం పలికారు. భార్య మాబున్నీ కుంకుడురసం పోసి కుందేలును రుద్దింది. నీళ్లు తేటగా దిగాయి. మళ్లీ రుద్దింది. చుక్క రంగు రాలేదు. కబురందుకుని గంగాధరప్ప ధర్మవరం బస్సులో వచ్చాడు.

"నీ రంగయితే కడిగితే పోవల్ల గదప్పా?" అన్నాడు గార్డు.

గంగాధరప్ప చుట్టూ చూశాడు. ఆ జనంలో సగం ఇళ్ల పెళ్లిచీరలు అతని రంగువే.

"నా రంగు పోదు సార్. చీర చిరిగినా పోదు."

"ఒక్క చీరకన్నా పోయిందని చెప్పు గంగాధరా," ఫకీర్ సాబ్ బతిమాలాడు. "నేను జైలుకు పోతాండా."

"నువ్వు పోతే తిరిగొస్తావు సాబూ. పేరు పోతే రాదు."

గార్డు ఫకీర్ సాబ్ రెక్క పట్టి జీపు వైపు లాగాడు. మాబున్నీ అడ్డం వచ్చింది. కుందేలును గార్డు ముఖం ముందుకు ఎత్తి, వీపు మీద గట్టిగా ఊదింది. బొచ్చు విచ్చుకుంది. మొదళ్లలో వడ్లగింజంత తెలుపు.

"ఈ మనిషి గడ్డానికి గోరింటాకు పెట్టేది నేను సార్. నెల తిరిగేలోపల అడుగున తెలుపు బయటపడతాది. పుట్టే వెంట్రుకకు రంగెవరు వేస్తారు?" అంటూ భర్త గడ్డం పట్టి చూపించింది.

గార్డు కుందేలు మీద ఊదాడు. గడ్డం మీద కూడా ఊదాడు. రెక్క వదిలేశాడు.

ఇందులో చెప్పేవాడు కల్పించింది జీపు ఒక్కటే. నాగరాజు వచ్చింది సైకిలు మీద. ఫకీర్ సాబ్‌ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని జైలుకు తొక్కుతాడంటే మీరు భయపడేవాళ్లా?