చెయ్యి పెడితే తిరిగే మిషన్

“నీకోసమే కదా తెచ్చాను, మొహం అలా పెట్టుకుంటావేం?” అన్నాడు భర్త.

టైలరమ్మ దుప్పటి పిండుతోంది. పక్కనే బట్టలుతికే మిషన్ కడుపునిండా నీళ్లు తాగి, స్విచ్ వేస్తే గుర్రుమని మూలగడమే తప్ప అంగుళం కదలకుండా కూర్చుంది. వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అనే అంటారు. పేరు అలాగే ఉంది గానీ కుట్టుమిషన్ మాత్రం పోయిన ఆదివారం గడప దాటి వెళ్లిపోయింది. చెల్లెలింటికి వెళ్లొచ్చేసరికి కిటికీ కింద దాని కాళ్ల గుర్తులు, వరండాలో ఈ తెల్లటి డబ్బా. పాత సామాన్ల బేరాలు పెట్టుకునే ఫోన్ గ్రూపులో ఎవరో డ్రైవరు పెట్టాడట, కుట్టుమిషన్ ఇస్తే వాషింగ్ మిషన్ ఇస్తానని. ఈయన ఎగిరి గంతేశాడు. “రోజంతా ఆ టకటకా, ఇంటినిండా గుడ్డపీలికలూ. ఇక నీ నడుమూ విరగదు, అమ్మకి తలనొప్పీ ఉండదు.” అత్తగారు అందుకుంది. “వాడికి నీమీద ఎంత ప్రేమో చూడు.”

ప్రేమే మరి. ఎవరి వస్తువిచ్చి ఎవరికి తెచ్చాడో అడిగే నోరు ఆవిడకి లేకపోయింది. ఆ మిషన్ పుట్టింటివాళ్లు పెట్టింది కాదు, మొగుడు కొన్నదీ కాదు. పక్కింటి పిల్లల గౌన్లకి చేతికుట్లు వేసి వేసి తనే కొనుక్కుంది. దానిముందు కూర్చున్నంతసేపే ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా అడిగేవాళ్లు కాదు. “కుట్టుకుంటోందిలే” అనేవాళ్లు. ఆ ఒక్క మాట చాటున ఇన్నేళ్లూ ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు ఖాళీగా కనిపిస్తోంది కాబట్టి అందరికీ ఏదో ఒకటి కావాలి. ఎలాగైనా దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

“ఇది తిరగట్లేదండీ. ఇచ్చేసి మనది తెచ్చేసుకుందాం,” అంది.

“నీకు వాడటం చేతకాక గానీ,” అన్నాడే తప్ప, మోసపోయానేమోనన్న ఉక్రోషం ఆయనకీ లేకపోలేదు. సాయంత్రం స్కూటరెక్కించుకుని డ్రైవరు ఇంటికి తీసుకెళ్లాడు.

డ్రైవరు గుమ్మంలోనే అందుకున్నాడు. “మీరు రాకపోతే నేనే వద్దామనుకుంటున్నా అన్నా. మీ మిషన్ నాలుగు కుట్లకోసారి దారం తెంపుతోంది. మాదంటారా, మీకిచ్చిన రోజుదాకా బంగారంలా తిరిగింది.”

“మా ఇంట్లో అదీ అంతే. ఒక్కసారి రిపేరుకిచ్చింది లేదు,” అన్నాడు ఈయన.

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

డ్రైవరు భార్య వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. గొంతు తగ్గించి, “అక్కా, స్విచ్ వేశాక లోపల చక్రాన్ని ఒక్క తోపు తోసి చటుక్కున చెయ్యి తీసెయ్యండి. దిక్కు మారినప్పుడల్లా తొయ్యాలి. అక్కడే నిలబడాలన్నమాట. నేనలాగే నెట్టుకొచ్చా,” అంది. ఆవిడ కుడిచేతి వేళ్లు నీళ్లకి నానిపోయి పాలిపోయాయి. చూపుడువేలికి గోరు లేదు.

“మీ ఆయనకి చెప్పలేదా?”

“చెప్పా. ‘తిరుగుతోందిగా, ఇంకేం’ అన్నారు. ఇంతకీ మీ మిషన్ సంగతేంటక్కా? కుట్టు నేర్చుకుంటానని పోరు పెట్టి పెట్టి నేనే మార్పించా.”

టైలరమ్మ కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. కుట్టుమిషన్‌లో దారాన్ని బిగించే స్ప్రింగు ఎప్పుడో పోయింది. దారాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టి కొంచెం కొంచెంగా వదిలితేనే కుట్టు పడుతుంది. అలా పట్టి పట్టి ఆవిడ వేలి మీద సన్నటి గాడి పడింది. ఆ సంగతి చెప్పకపోతే చాలు, పాడైన మిషన్ అంటగట్టారని వాళ్లే తిప్పి పంపేస్తారు.

“ఏమో, మా ఇంట్లో బాగానే ఉండేది,” అంది.

“ఏమే, ఇలా వచ్చి కుట్టి చూపించు,” అని హాల్లోంచి డ్రైవరు కేకేశాడు. భార్య వెళ్లి కూర్చుని తొక్కింది. దారం తెగింది. ఎక్కించి మళ్లీ తొక్కింది. మళ్లీ తెగింది.

“చూశారా అన్నా. అయినా దీని చేతిలో ఏది బాగుపడింది గనక. పట్టుకెళ్లిపోండి మీ మిషన్. ఏమే, ఇంకోసారి కుట్టు అని నోరెత్తు, చెప్తా నీ పని,” అన్నాడు.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే మిషన్ తనది. కానీ ఆ అమ్మాయి తలొంచుకుని సూదిలోకి మళ్లీ దారం ఎక్కించబోతోంది. దారం బెజ్జంలోకి పోవట్లేదు.

ఊరుకోలేకపోయింది. తనమీద తనకే ఒళ్లు మండింది. వెళ్లి, “లేవకు చెల్లీ,” అని దారం ఎక్కించి, ఆ అమ్మాయి వేళ్లు పట్టుకుని దారం మీద పెట్టింది. “ఇలా నొక్కు. మరీ బిగించకు. ఇప్పుడు తొక్కు.”

కుట్టు తిన్నగా పడింది.

“చెప్పానా, మాదానికేం కాలేదని,” అన్నాడు ఈయన.

“మాదీ అంతే అన్నా. వాడటం తెలియాలి,” అన్నాడు డ్రైవరు. ఎక్కడివక్కడే ఉండనిద్దామని ఇద్దరూ నవ్వుకుని చేతులు కలిపారు.

స్కూటరు మీద భర్త, “రెండూ బాగానే ఉన్నాయి. ఊరికే నా పరువు తియ్యబోయావు,” అన్నాడు.

“రెండూ పాడైపోయాయండీ,” అంది ఆవిడ. హెల్మెట్‌లోంచి వినబడలేదో ఏమో, ఆయన స్కూటరు వేగం పెంచాడు.

ఇంటికి రాగానే అత్తగారు, “తిరుగుతుందటగా,” అని విడిచిన చీర తెచ్చి మిషన్‌లో పడేసింది. టైలరమ్మ స్విచ్ వేసింది. మూత తీసి, కుడిచెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కుంది. దారం పట్టే చెయ్యి, దానికి దెబ్బ తగిలితే ఇక కుట్టు పడదు. ఎడమచెయ్యి ముంచి చక్రాన్ని తోసింది. మిషన్ తిరిగింది. కాసేపటికి దిక్కు మారడానికి ఆగి, మళ్లీ గుర్రుమంది. మళ్లీ ఎడమచెయ్యే ముంచింది. అప్పుడు గానీ గుర్తురాలేదు, ఇంట్లో కుట్టుమిషన్ లేదని.