మేజోళ్ల మాస్టారు

రసాయన ప్రయోగశాల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మాస్టారు ఊలు మేజోళ్లు తొడుక్కున్నారు. మడమలు చిరిగితే భార్య ఆకుపచ్చ దారంతో కుట్టిన మేజోళ్లు. ఈ గదిలో అడుగు చప్పుడైతే ఆయనకు ఒళ్లు మండుతుంది. ప్రొఫెసరుగారి చెప్పులైనా సరే, బయటే ఉండాలి. చేసేది సహాయకుడి ఉద్యోగమే అయినా అందరికీ ఆయన మేజోళ్ల మాస్టారు.

బల్ల మీది కొయ్యపెట్టెలో, వెలుతురు తగలకుండా అల్యూమినియం కాగితం చుట్టిన గాజుగొట్టం తొమ్మిది రోజులుగా నిలబడి ఉంది. అది పరిశోధక విద్యార్థినిది. గొట్టం అడుగున ఒక ద్రవంలో కరిగి, వెండికి అంటిపెట్టుకున్న కార్బీన్. ఒంటరిగా వదిలితే నిలవని కార్బన్ అది. లోహం తోడుంటేనే బతుకుతుంది. పైన మరో తేలిక ద్రవం. రెండు ద్రవాలూ తీరుబడిగా కలిస్తే స్ఫటికం, కదిపినా, అడుగుల అదురు తగిలినా పొడి. స్ఫటికం వస్తేనే ఎక్స్‌రేలో అణువు ఆకారం తేలుతుంది, ఆ అమ్మాయి థీసిస్ గట్టెక్కుతుంది. ఇప్పటికి రెండుసార్లు పొడే వచ్చింది. మళ్లీ చేయడానికి సరుకు లేదు.

గొట్టం తెరిచేది రేపు ఉదయం. రిటైరవుతున్న మాస్టారి ఉద్యోగం ఈ సాయంత్రంతో సరి.

"ఒక్కసారి ఎత్తి చూద్దాం మాస్టారూ. మీరు చూడకుండా వెళ్లిపోతే నాకేం బాగోదు," అంది విద్యార్థిని.

ఆయనకూ ప్రాణం లాగింది. చెయ్యి పెట్టెదాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"వద్దమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి గొట్టం ఇలాగే ఎత్తి చూశాను. చూస్తుండగానే పాలలా తెల్లబడిపోయింది. పాపం, నన్ను ఒక్క మాటనలేదు. చదువు మానేసి వెళ్లిపోయాడు. ఆ వారమే మా ఆవిడ చేత మేజోళ్లు అల్లించుకున్నా. ఇది ఏడో జత."

"అమ్మగారు ఏమీ అనలేదా?"

"అనకుండా ఉంటుందా? నేను పడుకున్నప్పుడు ఏనాడైనా ఇంత మెల్లిగా నడిచారా అని ఇప్పటికీ దెప్పుతుంది."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. గట్టిగా నవ్వినా ఆ గదిలో తప్పే.

ఐదింటికి ఆయన సంతకం పెట్టి, అన్నం డబ్బా సంచిలో వేసుకుని, వీడ్కోళ్ల గొడవ లేకుండా వెనక మెట్ల దారిన వెళ్లిపోయారు.

పొద్దున్నే విద్యార్థిని వచ్చేసరికి గుమ్మం దగ్గర మేజోళ్లు మడతపెట్టి ఉన్నాయి. వంగి వాటిని చేతిలోకి తీసుకుంది. తొడుక్కుని, ఊపిరి బిగబట్టి లోపలికి నడిచి కాగితం విప్పింది. గొట్టం అడుగున సన్నటి పలుకులు, గాజుముక్కల్లా మెరుస్తూ.

"మాస్టారూ, వచ్చాయి!" అని అలవాటుగా వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు. ఆమె పాదాలకు మరీ పెద్దవైన ఆ మేజోళ్లు జారిపోయి, ఆకుపచ్చ దారం కుట్టిన మడమలు నేలమీద మెత్తగా పరుచుకుని ఉన్నాయి.