సీటు కింది అతుకు

పాత కారు అడిగిన ధరకు తగుతుందో లేదో చెప్పడానికి నాకు పావుగంట చాలు. ఇరవై ఏళ్లుగా బళ్ల కింద వెల్లకిలా పడుకుని బతుకుతున్నవాణ్ని. అందుకే అక్క నన్ను తన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని, కారు అమ్ముతున్న ఒక మాస్టారి ఇంటికి తీసుకొచ్చింది. ఆ స్కూటరు బాగోగులు కూడా నావే. కారు కొని, రోజూ నలుగురు పిల్లల్ని బడికి దింపే పని మొదలుపెడుతుందట. వాళ్లలో ఇద్దరు తన పిల్లలే. మిగతా ఇద్దరి తల్లులతో అప్పుడే మాట్లాడేసింది.

"నువ్వు సరేనంటే చాలురా. ఇంకెవరి మాటా నాకక్కర్లేదు," అంది దారిలో.

నీలం రంగు కారు ముచ్చటగా ఉంది. మాస్టారు రిటైరయ్యాక మూడేళ్ల కిందట ఒక డీలరు దగ్గర కొన్నారట. సర్వీసు బిల్లులన్నీ తేదీలవారీగా ఫైలు చేసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇలాంటివాళ్లంటే నాకు ఒళ్లు మంట. బేరమాడటానికి సందివ్వరు.

"నాలుగింటికి ఇంకొకాయన వస్తానన్నాడు బాబూ. చంటిబిడ్డ ఉందట వాళ్లకి. తొందరపెట్టడం కాదు, చెబుతున్నానంతే," అన్నారు.

అప్పటికి మూడున్నరయింది. ఇంజిన్ స్టార్ట్ చేయించి విన్నాను. భేషుగ్గా ఉందని పైకే అన్నాను. తర్వాత గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద నడిపించాను. పుట్టీ పెట్టినచోట అది పట్టుకోదు. ముందు తలుపుల మీద బాగానే అతుక్కుంది గాని, తలుపుల మధ్య పిల్లరు మీద జారిపోయింది. అవతలి వైపూ అంతే. తలుపు రబ్బరు పీకి చూస్తే కింద పాత తెల్లరంగు కనబడింది.

అక్క అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దం సర్దుకుంటోంది.

"కాస్త దిగక్కా," అని, సీటు కింద కార్పెట్టు ఎత్తి టార్చి వేశాను.

ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా వెల్డింగు. తుప్పు పట్టకుండా దాని మీద సీలెంటు పూశారు. సీలెంటు మధ్యలో పొడుగునా సన్నటి గాడి.

నా ఎడమ బొటనవేలి గోరు సగం గ్రైండరుకు పోయింది. సీలెంటును ఆ వేలితోనే సాపు చేస్తాను. మిగిలిన గోరుముక్క గాడి పెడుతుంది. షెడ్డులో అందరూ అది నా సంతకమని వెక్కిరిస్తారు. వేలు గాడిలో పెట్టి చూశాను. సరిగ్గా కుదిరింది.

ఏడేళ్ల కిందటి పని. ముందు సగం నుజ్జయిన కారొకటి, వెనక సగం నుజ్జయిన కారొకటి తెచ్చి, బాగున్న సగాలు రెండూ కోసి అతికించమన్నాడు ఒక డీలరు. "దూరం పోయే బండి, మళ్లీ మన కంట పడదు," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పైగా అతుకు కనబడకుండా చేశానని ఆ రోజు మురిసిపోయాను, సిగ్గులేనివాణ్ని. గట్టిగా ఒక్క దెబ్బ తగిలితే ఆ కారు రెండుగా విడిపోతుంది.

"ఏంట్రా?" అంది అక్క.

"ఇంజిన్ పోయింది. వద్దు, పద."

"ఇందాకే భేషుగ్గా ఉందన్నావు!"

"అప్పుడు సరిగ్గా వినలేదు."

మాస్టారి మొహం చిన్నబోయింది. "పోయిన నెలే చూపించాను బాబూ," అంటూ ఫైలు తిరగేశారు. తర్వాత గడియారం చూసుకుని, "సరే, మీకు నచ్చకపోతే బలవంతమేముంది. వచ్చేవాళ్లు తీసుకుంటారు లెండి," అన్నారు.

అక్క చెయ్యి పట్టుకుని స్కూటరు దాకా లాక్కెళ్లాను. అక్కడ ఇక కాలు కదల్లేదు. ఆ చంటిబిడ్డ ఎవరో, ఎలా ఉంటుందో నాకు తెలియదు. అయినా ఎంతగా భయపడ్డానంటే, పారిపోదామనే అనుకున్నాను. చివరికి వెనక్కి వెళ్లాను.

"మాస్టారూ, దీన్ని ఎవరికీ అమ్మకండి. ఇది ఒక కారు కాదు, రెండు. అతికించింది నేనే."

ఆయన ఫైలు మూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మూడేళ్లుగా నా మనవరాలిని దీన్లోనే తిప్పాను," అన్నారు మెల్లగా. "ఇప్పుడిది ఎంత చేస్తుంది?"

"తుక్కు ధరకి మించి చెయ్యదండీ. మీరు డీలరు మీద కేసు పెడితే వచ్చి ఈ మాటే చెబుతాను."

ఆయన ఫోను తీసి, నాలుగింటికి రావద్దని అవతలివాళ్లకు చెప్పి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

నేను అక్కవైపు తిరిగాను. పోనీలే, నిజం చెప్పావురా అంటుందని ఎక్కడో ఆశ. అక్క స్కూటరు హ్యాండిలు మీద చేతులు పెట్టి నిలబడి ఉంది.

"పోయిన వారం దీనికి బ్రేకులు వేసింది నువ్వే కదూ?"

"అక్కా, అవి బాగానే..."

నా మాట పూర్తి కానివ్వలేదు. తాళం తీసి బ్యాగులో వేసుకుంది. ఇల్లు నాలుగు కిలోమీటర్లు. స్కూటరును తోసుకుంటూ ఎండలో నడిచి వెళ్లింది.